పంటు దాటే నోటుబుక్కు

కాలేజీకి లైబ్రేరియన్ ఒక్కరే.
లెక్కలకి ముగ్గురు, తెలుగుకి ఇద్దరు,
కెమిస్ట్రీ వాళ్ళు గుంపుగా టీకి వెళ్తారు.
స్టాఫ్ ఫోటోలో నన్ను చివర, అటెండరు పక్కన నిలబెడతారు.
నా పక్క కుర్చీ ఈ ఊళ్ళో లేదు,
వశిష్ఠ దాటి నరసాపురంలో ఉంది.

అందుకే ఈ నోటుబుక్కు.
నీలం అట్ట, నూట తొంభై రెండు పేజీలు.
మొదటి పేజీలో మా పేర్లు రాసుకోలేదు, ఊళ్ళే:
రాజోలు, నరసాపురం, పాలకొల్లు, అమలాపురం.
శనివారం నా వంతు రాసి, గుడ్డసంచిలో చుట్టి
సఖినేటిపల్లి రేవులో ఓలేటి తాతీలు చేతికిస్తాను.
మోటారుసైకిళ్ళకీ చేపల తట్టలకీ మధ్య అది నది దాటుతుంది.
మూడు వారాలకి అమలాపురం బస్సులో
చుట్టు తిరిగి నా బల్ల మీదికొస్తుంది.

"ఏటండీ ఇందులో, ప్రేమలేఖలా?" అన్నాడోసారి తాతీలు.
"చెదపురుగులు" అన్నాను.

అబద్ధం కాదు. మొదటి ఏడు పేజీలూ చెదే.
తర్వాత ఎస్తేరు రాణి గుండ్రటి అక్షరాలు:
"రొయ్యల జబ్బుల పుస్తకం కావాలని ఒక పిల్లాడొచ్చాడు.
జంతుశాస్త్రంలో చూశాను, వ్యవసాయంలో చూశాను,
చివరికి అట్టలూడిన బీరువాలో దొరికింది.
మీరెక్కడ పెడుతున్నారు?"
కింద పాలకొల్లు భాస్కరం:
"మా ప్రతి రెండేళ్ళుగా ఎవరిదో చెరువు గట్టు మీద ఉంది.
జరిమానా వెయ్యనా?"
ఆ కింద అమలాపురం, ఒకే మాట:
"వద్దు."

ఫోన్లో అడగొచ్చు కదా అంటారు.
అడగొచ్చు. ఫోన్లో జవాబు వస్తుంది,
కొట్టివేత రాదు.
రాణి ఒక మాట రాసి, కొట్టేసి, మళ్ళీ అదే మాట రాస్తే
ఆమె ఎక్కడ ఆగిందో నాకు తెలుస్తుంది.

మొన్న వానాకాలం ముందు నేనొక సలహా రాశాను,
పెద్ద అక్షరాలతో, కింద రెండు గీతలు గీసి మరీ:
"తడిసిన పుస్తకాలు డాబా మీద ఎండలో పరచండి."

తుఫాను వచ్చింది. పాలకొల్లులో కింది అరల దాకా నీళ్ళు.
పుస్తకం తిరిగొచ్చింది.
"మీరు చెప్పినట్టే చేశాను.
నలభై మూడు అట్టలు అప్పడాల్లా లేచాయి."
తిట్టలేదు భాస్కరం. లెక్క మాత్రం రాశాడు.
పక్కనే, మార్జిన్‌లో అమలాపురం:
"ఎండ కాదు, నీడ. ఫ్యాను గాలి.
పేజీల మధ్య పాత న్యూస్‌పేపరు, తడిసినప్పుడల్లా మార్చాలి."

రెండు శనివారాలు సొరుగులో పెట్టి తాళం వేశాను.
"ఈ వారం కూడా లేదాండీ?" అని కబురంపాడు తాతీలు.
జ్వరమని చెప్పించాను.

మూడో వారం, గది మూసే వేళ,
ట్యూబులైటు కింద రాశాను:
"నా డాబా మీదవీ లేచాయి.
మీకు చెప్పేనాటికే లేచాయి.
ఆ సంగతి రాయలేదు."
కొట్టెయ్యలేదు.

తర్వాతి తిరుగుడులో ఎవరూ నన్ను ఓదార్చలేదు.
యాక్సెషన్ రిజిస్టరులో ఒకే నంబరు
రెండు పుస్తకాలకి వేసి తొమ్మిదేళ్ళు దాచానని రాణి రాసింది.
ఉన్న పుస్తకాన్నే లేదని చెప్పి
ఒక అమ్మాయిని వెనక్కి పంపానని భాస్కరం.
అమలాపురం ఏమీ రాయలేదు.
ఆ పేజీ సగం ఖాళీగానే ఉంది.
ఉండనీ.

ఈసారి చివరి అట్ట లోపల
పెన్సిలుతో కొత్త చేతిరాత, నీటి చుక్కలకి కొంచెం చెరిగి:
"మా పాప సోషల్ పుస్తకం పంటు మీంచి జారి పడిపోయిందండి.
నీడలో పెట్టేను. ఆయ్, బానే ఉంది.
తాతీలు, రేవు."

అంటే ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాడు,
మా చెదలూ, మా తప్పుడు నంబర్లూ,
నాకు రాని జ్వరం సంగతీ.

కింద ఇంకుతో రాశాను:
"మధ్యలో పేపరు మారుస్తున్నారా?"
సంచిలో చుట్టి
రేవుకి బయల్దేరాను.